ఇంటి నేల కింద నుండి వచ్చే రేడాన్ వాయువు

మన సంఘాలలోని ఎన్నో కుటుంబాల పిల్లలు ఇప్పుడు అమెరికా, కెనడా, ఇంగ్లండు, ఐర్లండు దేశాలలో ఉంటున్నారు. నర్సింగు చదివి వెళ్ళినవారు కొందరు, కంప్యూటరు ఉద్యోగాలకు వెళ్ళినవారు కొందరు. అక్కడ ఇల్లు కొనేటప్పుడు "రేడాన్ టెస్టు చేయించాం, ఎక్కువ వచ్చింది" అని వారు ఫోనులో చెబితే, ఇక్కడ పెద్దవారికి కంగారు పుడుతుంది. అది మనవడికి వచ్చిన జబ్బేమో అనుకుని మా ఓ.పి.లో అడిగేవారున్నారు. అది జబ్బు పేరు కాదు. రక్తపరీక్ష అంతకన్నా కాదు. ఇంట్లోని గాలికి చేసే పరీక్ష. దాని గురించి ఈ సంచికలో కొంచెం వివరంగా తెలుసుకుందాము. మన పిల్లల ఊపిరితిత్తులకు సంబంధించిన విషయం కనుక ఓపికగా చదవమని కోరుతున్నాము.

నేల నుండి గాలిలోకి

రాళ్ళలోనూ మట్టిలోనూ యురేనియం అనే మూలకం ప్రపంచమంతటా కొద్దికొద్దిగా ఉంటుంది. అది వేల లక్షల ఏళ్ళుగా తనంతట తాను విచ్ఛిన్నమవుతూ, రేడియంగా మారి, ఆ రేడియం నుండి రేడాన్ అనే వాయువు పుడుతుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పీల్చినా దగ్గు రాదు, కళ్ళు మండవు, తల తిరగదు. ఆరుబయట పుట్టినది గాలిలో కలిసి పలచబడిపోతుంది కాబట్టి దానివల్ల చెప్పుకోదగ్గ హాని లేదు. చిక్కంతా ఇంటి కింద పుట్టినదానితోనే.

చలిదేశాల ఇళ్ళు మన ఇళ్ళలా ఉండవు. చలికాలమంతా తలుపులూ కిటికీలూ బిగించి లోపల వేడి పెట్టుకుంటారు. వేడెక్కిన గాలి పైకి పోయి, పైకప్పు సందుల్లోంచి బయటికి వెళ్తుంది. పోయిన గాలి స్థానంలోకి కింది నుండి గాలి రావాలి కదా! పొయ్యి మీది పొగగొట్టం కింది గాలిని ఎలా లాగుతుందో, ఆ ఇల్లు కూడా అలాగే నేలలోని గాలిని లోపలికి లాగుతుంది. గచ్చులోని పగుళ్ళు, పైపులు దిగిన చోటి సందులు, గోడకూ గచ్చుకూ మధ్య ఉండే సన్నని ఎడం, ఇవన్నీ దానికి దారులే. అందుకే పగటికన్నా రాత్రి, వేసవికన్నా చలికాలం లోపల రేడాన్ ఎక్కువ ఉంటుంది. పై అంతస్తులకన్నా నేలమాళిగలో ఎక్కువ ఉంటుంది. దానినే వారు బేస్‌మెంటు అంటారు.

రేడాన్‌ను పీలిస్తే చాలావరకు ఊపిరితో మళ్ళీ బయటికి వచ్చేస్తుంది. అసలు హాని దానితో కాదు, దాని సంతతితో. రేడాన్ సుమారు 3.8 రోజుల్లో సగానికి తగ్గిపోతుంది. అలా తగ్గుతూ పొలోనియం వంటి ఘన పదార్థపు కణాలుగా మారుతుంది. ఇవి గాలిలోని దుమ్మును అంటిపెట్టుకుని, మనం పీల్చినప్పుడు శ్వాసనాళాల లోపలి పొర మీద కూర్చుంటాయి. అక్కడ అవి ఆల్ఫా కిరణాలను వదులుతాయి. ఆల్ఫా కిరణం మన చర్మం పైపొరను కూడా దాటలేనంత బలహీనమైనదని పుస్తకాలలో చదువుతాము. అది నిజమే. కానీ ఊపిరితిత్తుల లోపల అటువంటి మందపు చర్మం లేదు. పలచని సజీవ కణాలే ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆ దెబ్బ తగులుతూ ఉంటే కొన్ని కణాలు క్యాన్సరుకు దారి తీస్తాయి.

ఈ సంగతి మొదట గనులలో బయటపడింది. ఐరోపాలో జర్మనీ, బొహీమియా సరిహద్దు కొండలలో వెండి గనుల పనివారు నడివయసులోనే ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోవడం శతాబ్దాల నుండి అందరికీ తెలుసు. అది క్యాన్సరేనని 1879లో ఇద్దరు వైద్యులు గుర్తించారు. గనులలోని రేడాన్ దానికి కారణమని తేలడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లో రేడాన్‌ను మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఇళ్ళలో ఉండే తక్కువ మోతాదు సంగతి ఏమిటన్న ప్రశ్న మిగిలింది. ఐరోపాలోని 13 పరిశోధనల లెక్కలను కలిపి చూసి 2005లో ప్రచురించారు. ఇంటి గాలిలో రేడాన్ ప్రతి 100 బెక్వెరెల్‌లు పెరిగే కొద్దీ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరుగుతుందని అందులో తేలింది. ఒక ఘనపు మీటరు గాలిలో సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే దానిని ఒక బెక్వెరెల్ అంటారు.

ఒక చిన్న ఊరి సంగతి

ఐర్లండులో నైరుతి దిక్కున కెర్రీ అనే జిల్లా ఉంది. పచ్చిక బయళ్ళు, పాడి పశువులు, వర్షాలు. అక్కడ కాజిల్‌ఐలండ్ అనే చిన్న ఊరు. చుట్టుపక్కల సున్నపురాయి నేల. వాననీరు వేల ఏళ్ళుగా ఆ రాతిని కరిగించి లోపల పగుళ్ళు, గుహలు చేసింది. ఊరికి దగ్గరలో చూడడానికి జనం వచ్చే పెద్ద గుహ కూడా ఒకటి ఉంది. ఇటువంటి నేలలో వాయువు సులువుగా పైకి కదులుతుంది.

2003 జూలైలో ఆ ఊరి దగ్గరి ఒక ఇంటిలో రేడాన్‌ను కొలిస్తే సంవత్సరపు సగటు సుమారు 49,000 బెక్వెరెల్‌లు అని తేలింది. ఐర్లండులో ఇంటికి దాటకూడదని పెట్టుకున్న హద్దు 200. అంటే దాదాపు 245 రెట్లు. ఆ దేశంలో అంతకు ముందు ఏ ఇంట్లోనూ అంత లెక్క రాలేదు. ఆ ఇల్లు చూడడానికి అన్ని ఇళ్ళ లాంటిదే. అందులో తిన్నారు, పడుకున్నారు, చలికాలంలో తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఏ వాసనా రాలేదు.

ఆ తరువాత జరిగినది మాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. ఆ దేశపు రేడియేషన్ రక్షణ సంస్థ వారు ఆ చుట్టుపక్కల సుమారు 2,500 ఇళ్ళ వారికి, మీ ఇంట్లోనూ కొలిపించుకోండి అని పిలుపు పంపారు. అంతకన్నా గట్టి హెచ్చరిక ఏముంటుంది? పక్కనే 49,000 వచ్చిన ఇల్లు ఉంది, పత్రికల్లో వార్త వచ్చింది. అయినా ముందుకు వచ్చి కొలిపించుకున్నవి 418 ఇళ్ళు మాత్రమే. నూటికి పదిహేడు. ఆ కొలిపించుకున్న ఇళ్ళలో సుమారు 14 శాతం ఇళ్ళు హద్దు దాటాయి. అంటే ఏడిళ్ళకు ఒకటి. మిగిలిన రెండువేల చిల్లర ఇళ్ళలో ఎన్ని దాటేవో కొలిస్తేనే గదా తెలిసేది.

వారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మన దగ్గర బి.పి. చూపించుకోమంటే "నాకేం బాగానే ఉన్నాను" అనేవారు ఎంతమంది లేరు? నొప్పి లేని దానికి డాక్టరు దగ్గరికి వెళ్ళడం మనిషికి అలవాటు లేదు. పైగా ఇల్లు అంటే కష్టార్జితం. అందులో లోపం ఉందని తేలితే ధర పడిపోతుందేమో అన్న భయం కూడా ఉంటుంది. కానీ 49,000 వచ్చిన ఆ ఇంటిని సైతం వదిలివేయలేదు, మరమ్మతు పని పెట్టారు. రేడాన్ విషయంలో ఊరట కలిగించే సంగతి ఇదే. కనిపెడితే తగ్గించే మార్గం ఉంది.

పొరుగింటి రిపోర్టు మన ఇంటికి పనికిరాదు

1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక విచిత్రం జరిగింది. అక్కడ కడుతున్న ఒక అణు విద్యుత్ కేంద్రంలో పని చేసే ఇంజనీరు రేడియేషన్‌ను పసిగట్టే గేటు దాటగానే గంట మోగింది. తీరా చూస్తే అతను పనిలోంచి బయటికి వస్తూ కాదు, ఇంటి నుండి లోపలికి వస్తూ మోగించాడు! రేడియేషన్ అంటుకున్నది ఇంట్లో. అతని ఇంటి గాలిలో లక్ష బెక్వెరెల్‌ల దాకా రేడాన్ ఉంది. పొరుగింట్లో మాత్రం భయపడేంత లేదు. అమెరికాలో ఇళ్ళకు రేడాన్ పరీక్ష విస్తరించడానికి ఈ సంఘటనే మూలం.

ఒకే వీధి, ఒకే మేస్త్రీ కట్టిన ఇళ్ళు. ఒకదాని కింద రాతిపగులు ఉంటుంది, పక్కదాని కింద ఉండదు. ఒకదాని గచ్చు బీటలు వారి ఉంటుంది, రెండోది గట్టిగా ఉంటుంది. కాబట్టి "మా ఫ్రెండు ఇంట్లో తక్కువే వచ్చిందట, మాకెందుకు" అని పిల్లలు అంటే ఆ మాట చెల్లదు. కొత్త ఇల్లు కదా అన్నా చెల్లదు. ప్రభుత్వాలు వేసే రేడాన్ పటాలు ఏ ప్రాంతంలో ముప్పు ఎక్కువో చెప్తాయి గాని, ఫలానా ఇంటి సంగతి చెప్పవు.

పరీక్ష, అంకెల తికమక

పరీక్ష చాలా తేలిక. చిన్న డబ్బా పోస్టులో వస్తుంది. దానిని చెప్పిన చోట పెట్టి, గడువు కాగానే మూసి తిరిగి పంపాలి. అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు సాధారణంగా బొగ్గుపొడి ఉన్న డబ్బా వాడతారు, రెండు నుండి ఏడు రోజులు. తొందరగా తెలుస్తుంది గాని, ఆ వారం వాతావరణాన్ని బట్టి లెక్క ఎక్కువ తక్కువలు అవుతుంది. ఐర్లండులో మూడు నెలలు ఉంచే చిన్న ప్లాస్టిక్ డిటెక్టర్లు రెండు ఇస్తారు. ఒకటి ముందు గదిలో, ఒకటి పడకగదిలో. ఆల్ఫా కిరణాలు దాని లోపలి ప్లాస్టిక్ మీద కంటికి కనపడని గాట్లు పెడతాయి. లేబొరేటరీలో ఆ గాట్లు లెక్కిస్తారు. ఎక్కువ రోజులు ఉంచినదే ఎక్కువ నమ్మదగినది.

ఇక్కడ పెద్దవారికి ఒక మాట. కూతురి పురుడుకో కోడలి పురుడుకో వెళ్ళినవారు తెల్లవారగానే కిటికీలన్నీ బార్లా తీయడం అలవాటు. మంచి అలవాటే. కానీ ఆ కొద్దిరోజుల పరీక్ష జరుగుతుండగా తీస్తే రిపోర్టు తప్పుగా తక్కువ వస్తుంది. అప్పుడు కిటికీలు మూసి ఉంచాలి, తలుపు రాకపోకలకు మాత్రమే తీయాలి. పరీక్ష మొదలు పెట్టడానికి 12 గంటల ముందు నుండే అలా ఉంచాలి. ఇల్లు సర్దుతూ ఆ డబ్బాను అలమరలో పెట్టేయడం, పిల్లలు ఆడుకోవడానికి తీసుకోవడం కూడా జరుగుతుంటాయి. దానిని నేల నుండి కనీసం అడుగున్నర పైన, కిటికీకి దూరంగా, మనుషులు మసిలే కింది అంతస్తు గదిలో పెట్టాలి. వంటగది, స్నానాల గది పనికిరావు.

ఇక అంకెలు. అమెరికాలో పికోక్యూరీలలో చెప్తారు. ఐర్లండు, ఇంగ్లండు, కెనడాలలో బెక్వెరెల్‌లలో చెప్తారు. ఒక పికోక్యూరీ లెక్క 37 బెక్వెరెల్‌లకు సమానం. అమెరికాలోని అబ్బాయి 6 వచ్చిందంటే ఇక్కడివారు "ఆరేనా!" అని తేలిగ్గా తీసుకుంటారు. ఐర్లండులోని అమ్మాయి 150 అంటే గుండె జారిపోతుంది. నిజానికి ఆ 6 అంటే 222. అబ్బాయి ఇంట్లోనే ఎక్కువ. అమెరికాలో 4 దాటితే ఇంటిని సరిచేయించమంటారు, అది 148 బెక్వెరెల్‌లు. 2కూ 4కూ మధ్య ఉన్నా ఆలోచించమంటారు. ఐర్లండు, ఇంగ్లండు, కెనడాలలో హద్దు 200. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పినది 100, అది కుదరని దేశాలలోనైనా 300 దాటకూడదని. ఈ హద్దులు దేశాలు తమ వీలును బట్టి పెట్టుకున్నవి. 199 అయితే క్షేమం, 201 అయితే అపాయం అని అర్థం చేసుకోకూడదు. ఎంత తగ్గితే అంత మంచిది.

ఎక్కువ వస్తే ఇల్లు అమ్ముకోనక్కరలేదు. గచ్చుకు రంధ్రం చేసి, కింది మట్టిలోకి గొట్టం దింపి, చిన్న ఫ్యానుతో ఆ గాలిని పైకి లాగి కప్పు మీద నుండి బయటికి వదిలేస్తారు. ఇంట్లోకి రావలసిన వాయువు దారి మళ్ళుతుంది. బాగా చేస్తే నూటికి తొంభై పాళ్ళకు పైగా కూడా తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల పని. పగుళ్ళు పూడ్చడం కూడా చేస్తారు గాని అదొక్కటే చాలదు. ఐర్లండులో ముప్పు ఎక్కువ ఉన్న ప్రాంతాలలో 1998 జూలై నుండి కట్టే ఇళ్ళకు గచ్చు కింద రేడాన్‌ను ఆపే పొర వేయాలని నియమం ఉంది. అది ఉన్న ఇంట్లో కూడా కొలవమంటారు, ఎందుకంటే పొర వేసేటప్పుడు చిన్న చిరుగు పడినా చాలు.

పొగ తాగేవారికి

ఈ పాఠంలో ఒక్క భాగమే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుంచుకోండి. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం, ఆ దేశపు హద్దు అయిన 4 పికోక్యూరీల గాలిలో జీవితమంతా గడిపితే, ఎన్నడూ పొగ తాగని 1000 మందిలో సుమారు 7 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. పొగ తాగే 1000 మందిలో సుమారు 62 మందికి. ఇల్లు అదే, గాలి అదే. పొగాకు, రేడాన్ రెండూ ఒకే పొరను దెబ్బ తీస్తాయి. ఒకటికి ఒకటి కలిసిన దానికన్నా ఎక్కువ చేటు జరుగుతుంది. అల్లుడు సిగరెట్టు మానకుండా వేల డాలర్లు పెట్టి ఫ్యాను బిగించుకుంటే సగం పని కూడా చేసినట్లు కాదని మా అభిప్రాయం. ఫ్యాను వద్దని కాదు, రెండూ చేయాలి.

అలాగని పొగ తాగనివారికి భయమే లేదనుకోకూడదు. రేడాన్ వల్ల అమెరికాలో ఏటా సుమారు 21,000 మంది ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోతున్నారని అదే సంస్థ 2003లో అంచనా వేసింది. వారిలో సుమారు 2,900 మంది ఎన్నడూ పొగ తాగనివారు.

మరి మన ఊళ్ళలో?

తెలంగాణ నేల చాలావరకు గ్రానైటు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. నల్గొండ జిల్లాలోనూ యురేనియం నిక్షేపాలు ఉన్నాయి. గ్రానైటులో సాధారణంగా ఇతర రాళ్ళకన్నా యురేనియం కొంచెం ఎక్కువ. అంటే మన కాళ్ళ కింద కూడా రేడాన్ పుడుతూనే ఉంది. అయితే మన ఊరి ఇల్లు గాలి ఆడే ఇల్లు. తలుపు ముందు తీసే ఉంటుంది, వెనుక పెరటి తలుపు తీసే ఉంటుంది, అరుగు మీదనే సగం సంసారం. వచ్చిన రేడాన్ వచ్చినట్టే బయటికి పోతుంది. నేలమాళిగలో కాపురం మనకు లేదు. కాబట్టి ఇక్కడివారు ఇది చదివి ఆందోళన పడవలసిన పని లేదు. పట్నాలలో కింది అంతస్తులో ఏ.సి. గది బిగించుకుని రోజంతా తలుపు తీయనివారు మాత్రం ఉదయం సాయంత్రం కాసేపు కిటికీలు తీయడం మంచిది. వంటింటి గ్రానైటు బండ గురించి కూడా అడుగుతుంటారు. దాని నుండి వచ్చే రేడాన్ మామూలుగా చాలా స్వల్పం, నేల నుండి వచ్చేదానితో పోల్చదగినది కాదు. బండ పీకించవద్దు.

మన ఇళ్ళ గాలిలో అంతకన్నా పెద్ద శత్రువులు కంటికి కనబడుతూనే ఉన్నాయి. కట్టెల పొయ్యి పొగ ఒకటి, మంచం మీద కూర్చుని తాతగారు కాల్చే బీడీ ఒకటి. ఆ పొగ మనవరాలు కూడా పీలుస్తుంది. గ్యాసు కనెక్షను ఉండి కూడా ఖర్చని కట్టెల మీదనే వండే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కనీసం చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చోకండి.

ఇంకొక మాట. రేడాన్ పీల్చినవారికి ప్రత్యేకమైన లక్షణాలు ఉండవు, "రేడాన్ రక్తపరీక్ష" అని మామూలుగా ఎవరూ చేయరు. ఎవరైనా చేస్తామని డబ్బు అడిగితే నమ్మకండి. విదేశం నుండి తిరిగి వచ్చినవారికి దగ్గు వస్తే అది రేడాన్ అనుకుని ఆలస్యం చేయవద్దు. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కఫం పరీక్ష చేయించాలి, క్షయ ఉన్నదీ లేనిదీ చూడాలి. కఫంలో రక్తం, బరువు తగ్గడం, ఆగని ఛాతీ నొప్పి ఉంటే వెంటనే రావాలి.

పిల్లలతో మాట్లాడేటప్పుడు

ఈసారి ఫోను చేసినప్పుడు మూడు సంగతులు అడగండి. ఇంట్లో రేడాన్ కొలిచారా? కొలిస్తే ఎప్పుడు? బేస్‌మెంటులో ఎవరు పడుకుంటున్నారు? మనలో చాలామంది వెళ్ళినప్పుడు మనకు ఇచ్చే గది అదే. ఆరు నెలలు ఉండి వచ్చేవారికి ముప్పు కొద్దిపాటిదే, ఎందుకంటే ఇది ఏళ్ళ మీద పేరుకునే హాని. కానీ అదే గదిని తరువాత పిల్లల ఆటగది చేస్తారు, లేదా ఇంటి నుండి పని చేసే ఆఫీసు చేస్తారు. అక్కడ రోజుకు ఎనిమిది గంటలు పదేళ్ళు గడిస్తే ఆ లెక్క వేరు.

అద్దె ఇంట్లో ఉన్నా డబ్బా తెప్పించి కొలుచుకోవచ్చు. ఎక్కువ వస్తే ఆ రిపోర్టు ఇంటి యజమానికి చూపించి మాట్లాడాలి. ఫ్యాను బిగించిన ఇల్లు కొంటే, ఫ్యాను తిరుగుతున్నదో లేదో తెలిపే చిన్న గాజు గొట్టం పైపు మీద ఉంటుంది. అందులో రంగు ద్రవం రెండు వైపులా ఒకే ఎత్తులో ఉన్నదంటే ఫ్యాను ఆగిపోయిందని అర్థం. రెండేళ్ళకు ఒకసారైనా మళ్ళీ కొలవాలి. కింది గదిని పడకగదిగా మార్చినా, గచ్చు తవ్వి ఏదైనా పని చేయించినా అప్పుడు కూడా కొలవాలి. డబ్బా తెరిచిన రోజు, వేళ, మూసిన రోజు, వేళ దానితో వచ్చిన కాగితం మీద రాసి, మూసిన వెంటనే పోస్టులో వేయాలి. అవి రాయని డబ్బాకు లేబొరేటరీ వారు లెక్క కట్టలేరు.